నిలబడే చోటు ముందు, లెన్సు తర్వాత: ఫొటోలో దగ్గర దూరాలను ఎంచుకోవడం

సుమారు పదిహేనేళ్ల క్రితం బరంపురంలో ఒక నేతవారి ఇంట పెళ్లికి ఫొటోలు తీస్తూ, అలంకరణ పూర్తయిన పెళ్లికూతురిని ఇరుకైన నడిమింట్లో 24 ఎంఎం లెన్సుతో, నలభై సెంటీమీటర్ల దూరం నుంచి నిలువుగా ఒక ఫొటో తీశాను. వెలుతురు బాగుంది, కళ్లు స్పష్టంగా పడ్డాయి, బాసికమూ పట్టుచీర అంచూ చక్కగా కుదిరాయి. ఆల్బం ఇచ్చిన రోజున ఆ అమ్మాయి నాయనమ్మగారు ఆ పుట దగ్గర ఆగి, "నగలు మావే బాబూ, ముఖం మాత్రం మా పిల్లది కాదు" అన్నారు. ఆవిడ మాట అక్షరాలా నిజం. ముక్కు ముందుకు పొడుచుకువచ్చి, చెవులు వెనక్కి వెళ్లిపోయి, గుండ్రని ముఖం కోలగా మారిపోయింది.

తప్పు లెన్సుదేనని నిశ్చయించుకుని నేను 85 ఎంఎం లెన్సు కొన్నాను. ఆ తర్వాతి పెళ్లిళ్లలో ముఖాలు చక్కగా వచ్చాయి కాబట్టి, నా నిశ్చయం సరైనదేనని చాలా కాలం నమ్మాను కూడా. నిజానికి ముఖాలను చక్కదిద్దినది ఆ గాజు కాదు. 85 ఎంఎంతో అంతే తలా భుజాలూ ఫ్రేములో పట్టాలంటే మనిషికి దాదాపు మీటరున్నర దూరంలో నిలబడక తప్పదు. ఆ దూరమే ముఖాన్ని చక్కదిద్దింది. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ఆ రోజు నడిమింట్లోంచి వసారాలోకి నాలుగడుగులు వెనక్కి నడిచి, చేతిలో ఉన్న కెమెరాతోనే ఆ ఫొటోను నిలబెట్టగలిగేవాణ్ణి. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో ఫొటోలు తీయడం మొదలుపెట్టిన మన తెలుగు పిల్లలు చాలామంది ఇప్పటికీ "ఏ లెన్సు కొనమంటారు?" అనే ప్రశ్నతోనే వస్తారు. వారికి డబ్బు ఖర్చు కాకముందే చెప్పవలసిన విషయం కాబట్టి, ఎప్పుడు దగ్గరగా నిలబడాలి, ఎప్పుడు దూరం జరగాలి, ఆ చోటుకు ఏ లెన్సు తగినది అనే వరుసలోనే ఈ పోలికను రాస్తున్నాను.

ఫొటోలో దగ్గరి వస్తువుకూ దూరపు వస్తువుకూ మధ్య ఉండే పరిమాణాల నిష్పత్తిని, ఏది దేనిని ఎంత కప్పుతుందన్న సంగతిని కలిపి పర్స్పెక్టివ్ అంటాము. దీనిని నిర్ణయించేది కెమెరా ఉన్న చోటు ఒక్కటే. ఫోకల్ లెంగ్త్, అంటే లెన్సు మీద 24 ఎంఎం, 85 ఎంఎం అని ఉండే అంకె, నిర్ణయించేది, ఆ చోటునుంచి కనిపించే దృశ్యంలో ఎంత భాగాన్ని ఫ్రేములోకి తీసుకుంటామన్నది. ఆ అంకె చిన్నదైన వైడ్ లెన్సు ఎక్కువ మేరను, పెద్దదైన టెలీ లెన్సు తక్కువ మేరను చూస్తుంది. మీరు ఇంట్లో ఒకేచోట కూర్చుని వీధిని చూస్తున్నప్పుడు కిటికీ రెక్క ఒకటి మూసినంత మాత్రాన, వీధిలో ఆగిన బండీ దాని వెనుక ఉన్న మేడా ఒకదానికొకటి దగ్గరకు రావు. మీకు కనిపించే మేర మాత్రమే తగ్గుతుంది. లెన్సు చేసే పని ఆ కిటికీ పని. మీరు కుర్చీ జరుపుకుంటేనే బండికీ మేడకూ ఉన్న సంబంధం మారుతుంది.

దీనిని నమ్మవలసిన అవసరం లేకుండా ఇంట్లోనే పరీక్షించి చూసుకోవచ్చు. వరండాలో కెమెరాను స్టాండు మీద కదలకుండా పెట్టి, 24 ఎంఎం దగ్గర ఒక ఫొటో, 50 ఎంఎం దగ్గర మరొక ఫొటో తీయండి. తర్వాత మొదటి ఫొటోలోని నడిమి భాగాన్ని రెండవదానికి సరిపడేలా కత్తిరించి, రెండింటినీ పక్కపక్కన పెట్టండి. తులసికోటకూ వెనుక ఉన్న ప్రహరీకీ మధ్య నిష్పత్తి రెండింటిలోనూ ఒక్కటే. తేడా స్పష్టతలో ఉంటుంది: 24 మెగాపిక్సెళ్ల కెమెరాలో అలా కత్తిరించిన భాగానికి సుమారు 5.5 మెగాపిక్సెళ్లే మిగులుతాయి. వెనుకభాగం మసకబారే తీరులోనూ కొంత తేడా ఉంటుంది. అంతకు మించి తేడా లేదు.

ముఖానికి ఎంత దూరం

ముక్కు కొసనుంచి చెవుల దాకా ఉండే లోతును సుమారు 12 సెంటీమీటర్లుగా తీసుకుందాం. కెమెరా ముక్కుకు 40 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులు 52 సెంటీమీటర్ల దూరంలో ఉంటాయి. అంటే చెవులతో పోల్చినప్పుడు ముక్కు ఉండవలసినదానికంటే 30 శాతం పెద్దదిగా పడుతుంది. 1.4 మీటర్లకు జరిగితే ఆ తేడా 9 శాతం లోపునకు, 2.25 మీటర్లకు జరిగితే 5 శాతం దాకా తగ్గిపోతుంది. మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుకునేటప్పుడు సాధారణంగా ఒకటి రెండు మీటర్ల దూరంలో ఉంటారు కనుక, తెలిసినవారి ముఖాన్ని మన మనసు ఆ దూరపు రూపంలోనే గుర్తుపెట్టుకుంటుంది. నాయనమ్మగారు గుర్తుపట్టలేకపోయినది ఆ రూపం తప్పిపోవడం వల్లనే. 2018లో అమెరికా వైద్య పరిశోధకులు ప్రచురించిన ఒక లెక్క కూడా ఇదే చెప్పింది: 12 అంగుళాల దూరం నుంచి తీసుకున్న సెల్ఫీలో ముక్కు వెడల్పు దాదాపు 30 శాతం ఎక్కువగా కనిపిస్తుంది, అయిదు అడుగుల దూరం నుంచి తీసినప్పుడు ఆ తేడా ఇంచుమించు ఉండదు.

ఫుల్ ఫ్రేమ్ కెమెరాను (దానిలో బొమ్మ పడే సెన్సరు 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు) నిలువుగా పట్టుకుని, తలా భుజాలూ వచ్చేలా అరవై సెంటీమీటర్ల ఎత్తును ఫ్రేములో నింపాలనుకుంటే, 24 ఎంఎంతో 40 సెంటీమీటర్ల దూరానికి, 35 ఎంఎంతో 58 సెంటీమీటర్ల దూరానికి, 50 ఎంఎంతో 83 సెంటీమీటర్ల దూరానికి, 85 ఎంఎంతో 1.42 మీటర్ల దూరానికి, 135 ఎంఎంతో 2.25 మీటర్ల దూరానికి చేరవలసి వస్తుంది. 85 ఎంఎంకు "ముఖాల లెన్సు" అని పేరు రావడానికి కారణం ఈ వరుసలోనే ఉంది: ఆ లెన్సు మిమ్మల్ని సరైన దూరంలో నిలబెడుతుంది. 50 ఎంఎంతోనూ చక్కని ముఖచిత్రాలు వస్తాయి, అయితే నడుము వరకూ తీస్తూ మీటరున్నర దూరాన్ని వదలకుండా ఉన్నప్పుడే. ముఖం మాత్రమే కావాలని ముందుకు వంగిన మరుక్షణం దాని మేలు పోతుంది. 135 ఎంఎం ముఖాన్ని ఇంకా శాంతంగా చూపుతుంది, కానీ మన పెళ్లిళ్లలో కెమెరాకూ పెళ్లికూతురికీ మధ్య రెండున్నర మీటర్ల ఖాళీ దొరకడం అరుదు, దొరికినా ఎవరో ఒకరు అడ్డుగా నడుస్తారు. అందుచేత పెళ్లిపని చేసేవారికి 85 నా సలహా; ఇంట్లోవారి ఫొటోలు ఆరుబయట తీరికగా తీసుకునేవారు 135 వైపు వెళ్లవచ్చు.

దీనికి మినహాయింపు ఒకటి ఉంది. పసిపిల్లలను ఆడించే తల్లి కంటికి ఆ బిడ్డ ముఖం ముప్పై నలభై సెంటీమీటర్ల దూరంలోనే కనిపిస్తుంది. అక్కడ 35 ఎంఎంతో బాగా దగ్గరికి వెళ్లి తీసిన ఫొటోలో బుగ్గలు, చేతులు పెద్దవిగా పడినా అది అబద్ధంగా అనిపించదు, ఎందుకంటే చూసేవారు ఆ బిడ్డను చూసిన దూరం కూడా అదే.

మహేంద్రగిరిని దగ్గరకు తెచ్చుకోవడం

ఈ విషయం పూర్తిగా మనసుకు ఎక్కాలంటే గజపతి జిల్లా పొలాల్లోకి వెళ్లాలి. మహేంద్రగిరి ఎత్తు సముద్రమట్టం నుంచి 1501 మీటర్లు. ఆ కొండ పదిహేను కిలోమీటర్ల దూరంలో, చుట్టూ ఉన్న నేలకంటే 1400 మీటర్లు పైకి కనిపించే ఒక వరిపొలం గట్టు మీద, 1.6 మీటర్ల ఎత్తున్న ఒక మనిషి నిలబడి ఉన్నారనుకుందాం. ఫుల్ ఫ్రేమ్ కెమెరాను అడ్డంగా పట్టుకుంటే ఫ్రేము ఎత్తు 24 మిల్లీమీటర్లు. 24 ఎంఎం లెన్సుతో ఆ మనిషికి రెండు మీటర్ల దూరంలో నిలబడి తీస్తే, మనిషి ఫ్రేములో 19 మిల్లీమీటర్ల ఎత్తున, కొండ కేవలం రెండు మిల్లీమీటర్లకు కాస్త ఎక్కువ ఎత్తున పడతాయి. మహేంద్రగిరి ఆ ఫొటోలో మనిషి మోకాలి దాకా కూడా రాని ఒక నీలపు గీత అవుతుంది.

ఇప్పుడు 200 ఎంఎం లెన్సు పెట్టి, మనిషి ఫ్రేములో అదే 19 మిల్లీమీటర్ల ఎత్తు ఉండేలా గట్టు మీద వెనక్కి నడవండి. దాదాపు పదిహేడు మీటర్ల దూరానికి చేరతారు. మనిషి మారలేదు. కొండ మాత్రం 18.7 మిల్లీమీటర్లకు, అంటే ఇంచుమించు మనిషి ఎత్తుకు పెరిగింది. మీరు నడిచిన పదిహేను మీటర్లు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉన్న కొండకు లెక్కలోకి రావు, కానీ రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి విషయంలో దూరం ఎనిమిదింతలైంది. అందుకే మనిషి కెమెరాకు ఎనిమిది రెట్లు చిన్నగా కనబడి, కొండ ఉన్నంతే ఉండిపోయింది; లెన్సు ఆ రెండింటినీ కలిపి ఎనిమిది రెట్లు పెంచింది. "టెలీ లెన్సు దూరాన్ని కుదిస్తుంది" అని మనమంతా చెప్పుకునే మాటలో దాగిన అసలు పని ఇది. నడక కుదించింది, లెన్సు దానిని ఫ్రేముకు సరిపెట్టింది.

ఈ రెండు ఫొటోల్లో ఏది మంచిదన్న ప్రశ్నకు జవాబు మీరు చెప్పదలచుకున్న విషయంలో ఉంటుంది. కోత కోస్తున్న మనిషి చేతులు, కొడవలి, కాళ్ల కింది బురద, చుట్టూ పరచుకున్న పొలం మీ విషయమైతే, 24 లేదా 28 ఎంఎంతో దగ్గరగా నిలబడి, కొండను ఆనవాలుగా వదిలేయండి. ఆ ఊరివారు ఆ కొండ నీడలో బతుకుతున్నారన్నది మీ విషయమైతే, 200 ఎంఎంతో వెనక్కి వెళ్లండి. ఈ ప్రాంతపు జీవితాన్ని చూపడానికి నాకు రెండవది ఎక్కువ నిజమనిపిస్తుంది. మన కంటికి ఆ కొండ కోణంలో చిన్నదే అయినా, చూపు దాని మీదే నిలుస్తుంది కాబట్టి మనసులో పెద్దదిగా ఉంటుంది. వైడ్ లెన్సు ఆ పెద్దతనాన్ని తీసివేస్తుంది. కొండల ఫొటోలు ఇంటికి వచ్చి చూసుకున్నప్పుడు చప్పగా ఉన్నాయని బాధపడేవారందరూ దాదాపు ఈ కారణంగానే నష్టపోతున్నారు.

టెలీ ఎంపికకు వెల కూడా ఉంది. పదిహేను కిలోమీటర్ల గాలిలోని మసక అంతా ఆ ఫొటోలోకి వస్తుంది, కనుక వేసవి మధ్యాహ్నాల్లో కొండ పాలిపోతుంది. వర్షాలు వెనుదిరిగిన తర్వాతి ఉదయాలు దీనికి తగినవి. చేతి వణుకు కూడా ఎనిమిది రెట్లు పెద్దదవుతుంది, కాబట్టి షట్టర్ వేగాన్ని సెకనులో రెండువందలవ వంతు కంటే తగ్గించకుండా చూసుకోవాలి.

ఇదే లెక్కను పురుషోత్తంపూర్ దగ్గరి తారాతారిణి కొండమెట్ల మీద కూడా చూడవచ్చు. ఆ కొండకు 999 మెట్లు. మెట్ల పాదం దగ్గర నిలబడినప్పుడు మూడు మీటర్ల దూరంలోని మెట్టు ముప్పై మీటర్ల దూరంలోని మెట్టు కంటే పదిరెట్లు వెడల్పుగా కనిపిస్తుంది, కనుక మెట్లదారి పైకి పోతూ సన్నని మొనగా మారి, ఎక్కవలసిన శ్రమ ఎంత దూరముందో తెలుస్తుంది. మరో ముప్పై మీటర్లు వెనక్కి వచ్చి చూస్తే అవే రెండు మెట్ల మధ్య తేడా రెండు రెట్ల లోపునకు దిగుతుంది. అప్పుడు దూరపు లెన్సుతో మెట్లు ఒకదానిమీద ఒకటి పేర్చినట్లు నిలువు గోడలాగా పడి, వాటి మీద భక్తుల వరుస ఒత్తుగా కనిపిస్తుంది. చైత్ర మంగళవారాల రద్దీని చూపడానికి దూరం, ఒక్క ముసలమ్మ ఎక్కుతున్న ఓపికను చూపడానికి దగ్గర నాకు సరిపోయాయి.

ఇరుకు గదులు, మగ్గాలు

కొన్నిచోట్ల ఎంపిక మన చేతిలో ఉండదు. బరంపురం పట్టు నేసే ఇళ్లలో మగ్గమే గదిలో ముప్పాతిక భాగాన్ని ఆక్రమిస్తుంది. వెనక్కి జరగడానికి గోడ ఒప్పుకోదు. అక్కడ 24 ఎంఎం తప్పనిసరి అవుతుంది, అయితే ఆ లెన్సుతో ఎక్కడ నిలబడతామన్నది మన చేతిలోనే ఉంది. మగ్గానికి ఎదురుగా, పడుగు చివర నిలబడితే దగ్గరి కర్ర దూలమంత పెద్దదై, నేసే మనిషి దాని వెనుక బొమ్మంత చిన్నగా మిగులుతారు. పక్కకు వచ్చి, నేతగాడి భుజానికి సమాన ఎత్తులో కూర్చుంటే ఆయనా, నాడె విసిరే చెయ్యీ, నేసిన బట్టా దాదాపు ఒకే దూరంలోకి వస్తాయి. వస్తువులన్నీ ఒకే దూరంలో ఉన్నప్పుడు వైడ్ లెన్సు వాటి మధ్య నిష్పత్తిని చెడగొట్టలేదు. తలుపు తీసి, గడపకు అవతల నుంచి 35 ఎంఎంతో తీసే వీలుంటే నేను అదే ఎంచుకుంటాను. పడుగు దారాలు వెనక్కి సాగే గీతలు మెల్లగా కలుస్తాయి, గది గదిలాగే కనిపిస్తుంది.

గుంపు ఫొటోల్లో మరొక చిక్కు

పెళ్లి వేదిక మీద ఆరు మీటర్ల వెడల్పున రెండు కుటుంబాలూ వరుసగా నిలబడ్డాయనుకుందాం. అడ్డంగా పట్టుకున్న ఫుల్ ఫ్రేముతో వారందరినీ పట్టడానికి 24 ఎంఎంకు నాలుగు మీటర్లు, 35 ఎంఎంకు దాదాపు ఆరు మీటర్లు, 50 ఎంఎంకు ఎనిమిది మీటర్ల పైచిలుకు దూరం కావాలి. ముందువరుసకూ వెనుకవరుసకూ రెండు మీటర్ల లోతు ఉంటే, నాలుగు మీటర్ల నుంచి ముందువారి తలలు వెనుకవారి తలల కంటే ఒకటిన్నర రెట్లు పెద్దవి. ఎనిమిది మీటర్ల నుంచి అయితే ఒకటింబావు రెట్లు. వెనుక నిలబడ్డ మేనమామలు, పెదనాన్నలు తమను చిన్నబుచ్చారని అనుకోకుండా ఉండాలంటే ఈ తేడా ముఖ్యమే.

అంతకంటే మొండి చిక్కు అంచుల దగ్గర ఉంటుంది. సరళరేఖలను సరళరేఖలుగానే ఉంచే మామూలు లెన్సులన్నీ ఫ్రేము అంచులకు పోయేకొద్దీ గుండ్రని వస్తువులను పక్కకు సాగదీస్తాయి. ఫ్రేము అడ్డపు అంచు దగ్గర ఉన్న తల 24 ఎంఎంతో సుమారు 25 శాతం, 35 ఎంఎంతో 12 శాతం, 50 ఎంఎంతో 6 శాతం వెడల్పుగా పడుతుంది. ఇది లెన్సు లోపం కాదు, ఖరీదైన లెన్సు కొంటే పోయేదీ కాదు; కెమెరాకు పక్కగా, ఏటవాలుగా ఉన్నదానిని సమతలం మీద పరచినప్పుడు జరిగే రేఖాగణితం. అందుచేత గుంపు ఫొటోకు వేదిక కింద కుర్చీలు జరిపించైనా సరే ఆరు నుంచి ఎనిమిది మీటర్లు వెనక్కి వెళ్లి, 35 లేదా 50 ఎంఎం వాడమన్నది నా గట్టి సలహా. చోటు లేకపోతే 24 ఎంఎంనే వాడి, రెండు పక్కలా కొంత ఖాళీ వదిలి, తర్వాత ఆ ఖాళీని కత్తిరించుకోండి. చివరన బొద్దుగా ఉన్న అత్తగారినో మావయ్యగారినో నిలబెట్టకుండా చూడడం కూడా ఫొటోగ్రాఫరు మర్యాదలో భాగమే.

ఠాకురాణి యాత్ర రాత్రులు

బరంపురంలో రెండేళ్లకొకసారి జరిగే బూఢీ ఠాకురాణి యాత్ర తెలుగు మాట్లాడే డేరా అనే నేత సముదాయంవారి పండుగగా మొదలై ఊరంతటి పండుగ అయినది. అమ్మవారు పుట్టింటికి వచ్చినట్లు దేశిబెహరా వీధికి రావడం, రాత్రుళ్లు ఘటాల ఊరేగింపు, వేషాలు వేసుకుని మొక్కు తీర్చుకునే పిల్లలు, పెద్దలు, వీటన్నింటికీ వీధులు ఇరుకు, వెలుతురు తక్కువ. 70-200 జూమ్ పెట్టుకుని మేడ మీదినుంచి తీస్తే తలలూ ఘటాలూ ఒకదానివెనుక ఒకటి దట్టంగా చేరి జనసముద్రం కనిపిస్తుంది, అయితే చూసేవారు ఆ జనానికి వెలుపలే ఉండిపోతారు. 35 ఎంఎంతో ఊరేగింపు పక్కన రెండు మీటర్ల దూరంలో నడుస్తూ తీస్తే, ఘటం మోస్తున్న స్త్రీ ముఖమూ ఆమె వెనుక వీధిలోని దీపాలూ కలిసి పడి, చూసేవారు ఆ వీధిలోనే నడుస్తున్నట్లు ఉంటుంది. 24 ఎంఎంతో ఇంకా చొరబడితే ముందున్న చెయ్యి అరచేయంత కాక అరటాకంత అవుతుంది. భక్తితో నడిచే మనిషి ముఖానికి కెమెరా అంత దగ్గరగా వెళ్లడం నాకు సమ్మతం కూడా కాదు.

ఈ మూడింటిలో నా ఎంపిక 35. వెలుతురు లెక్కా దానికే అనుకూలం: ఎఫ్ 1.8 దాకా తెరుచుకునే (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత పెద్దగా తెరుచుకుంటుంది) 35 ఎంఎం ప్రైమ్ లెన్సు, అంటే జూమ్ లేని లెన్సు, ఎఫ్ 4 జూమ్ కంటే దాదాపు అయిదురెట్లు వెలుతురును లోపలికి తీసుకుంటుంది.

మేడలు, గోపురాలు

పర్లాకిమిడి గజపతుల రాజప్రాసాదం వంటి పెద్ద మేడలను తీసేటప్పుడు గోడలు పైకి పోతూ లోపలికి వాలినట్లు పడతాయని వైడ్ లెన్సును నిందించడం పరిపాటి. గోడలు వాలేది కెమెరాను పైకి ఎత్తి చూపినందువల్ల. సెన్సరు గోడకు సమాంతరంగా, నిటారుగా ఉన్నంత సేపు ఏ లెన్సుతోనూ నిలువు గీతలు వాలవు. పదిహేను మీటర్ల ఎత్తున్న కట్టడాన్ని, కెమెరాను ఎత్తకుండా, నిలువుగా పట్టుకుని ఫ్రేములో పట్టాలంటే 24 ఎంఎంతో 18 మీటర్ల దూరం, 50 ఎంఎంతో దాదాపు 38 మీటర్ల దూరం ఉండాలి. కింది సగంలో పడే నేలను తర్వాత తీసివేయవచ్చు. చోటు ఉన్నప్పుడు రెండవదే మేలు, ముందుకు పొడుచుకువచ్చిన వరండాలు మిగతా కట్టడాన్ని మింగకుండా ఉంటాయి. ఎదుటి ఇంటి మొదటి అంతస్తు నుంచి తీసే అవకాశం దొరికితే ఇంకా మంచిది.

ఫోన్లు, చిన్న సెన్సర్లు

ఈనాటి ఫోన్లలో ప్రధాన కెమెరా ఫుల్ ఫ్రేమ్ లెక్కలో సుమారు 24 నుంచి 26 ఎంఎంకు, 0.5 అని చూపించే కెమెరా సుమారు 13 ఎంఎంకు సమానం. కాబట్టి ఫోనుతో ముఖాలు తీసేవారు ఎప్పుడూ నేను ఆ పెళ్లి ఇంట చేసిన తప్పు అంచునే ఉంటారు. 2 లేదా 3 అంకె నొక్కి, మీటరున్నర వెనక్కి జరగడమే దానికి మందు. ఫోను ఆ 2ను వేరే లెన్సుతో చేసినా, కత్తిరించి చేసినా, పర్స్పెక్టివ్ విషయంలో తేడా రాదు. పోర్ట్రెయిట్ మోడ్ వెనుకభాగాన్ని మసకబారుస్తుంది. దగ్గరగా తీయడం వల్ల పొడుగైన ముక్కును తగ్గించదు.

ఏపీఎస్-సీ సెన్సరున్న, అంటే ఫుల్ ఫ్రేమ్ కంటే చిన్న సెన్సరున్న కెమెరాల్లో 1.5 లేదా 1.6తో గుణించాలన్న మాట చూపు విస్తీర్ణానికి సంబంధించినది. వాటిలో 50 ఎంఎం లెన్సు 75 లేదా 80 ఎంఎం అంత ఇరుకుగా చూస్తుంది. తలా భుజాల ఫొటోకు మిమ్మల్ని దాదాపు 1.3 మీటర్ల దూరంలో నిలబెడుతుంది, అందుకే అక్కడ అది ముఖాల లెన్సుగా పనిచేస్తుంది.

ఫొటోను ఎక్కడినుంచి చూస్తారు

ఎంపిక చేసేటప్పుడు చాలామంది ఆలోచించని విషయం ఇది. 12 అంగుళాల వెడల్పున్న ఆల్బం పుటలో, 24 ఎంఎంతో తీసిన ఫొటోను 20 సెంటీమీటర్ల దూరం నుంచి, 50 ఎంఎంతో తీసినదాన్ని 42 సెంటీమీటర్ల దూరం నుంచి, 200 ఎంఎంతో తీసినదాన్ని దాదాపు 1.7 మీటర్ల దూరం నుంచి చూస్తేనే దృశ్యం కెమెరా నిలబడ్డ చోటునుంచి చూసినట్లు కంటికి కుదురుతుంది. ఆల్బాన్ని ఒళ్లో పెట్టుకుని చూసే దూరం నలభై సెంటీమీటర్లకు దగ్గర. 50 ఎంఎంను "సహజమైన లెన్సు" అనడానికి ఇది ఒక బలమైన కారణం. అలాగే హాలు గోడ నిండా పెట్టే పెద్ద ఫొటోకు మనిషి దగ్గరగానే నిలబడతాడు కాబట్టి అక్కడ వైడ్ ఫొటో కూడా సహజంగా విచ్చుకుంటుంది. అదే ఫొటో ఫోను తెర మీద సాగదీసినట్లు ఉంటుంది.

కొనేవారికి

కెమెరాతో వచ్చిన 18-55 జూమ్ ఉన్నవారు మొదటి ఏడాది ఏమీ కొనవద్దన్నది నా మాట. ఏపీఎస్-సీ కెమెరా మీద అది దాదాపు 27 నుంచి 82 ఎంఎం వరకూ చూస్తుంది. ఈ వ్యాసంలో చెప్పిన ముఖాలు, గుంపులు, మగ్గాలు అన్నీ దానిలో ఉన్నాయి. ఫొటో తీసే ముందు నడిచి చోటు తేల్చుకోండి, ఆ తర్వాతే జూమ్ రింగు తిప్పి ఫ్రేము సరిపెట్టుకోండి. రింగు తిప్పడం ముందు, నడవడం మానేయడం తర్వాత అయితే, ఎన్ని లెన్సులున్నా నిలబడ్డ చోటు ఇచ్చిన పర్స్పెక్టివే మీకు దక్కుతుంది.

ఆ తర్వాత పెళ్లిపని చేసేవారు ఫుల్ ఫ్రేములో 35, 85 ఎంఎం జంటను, ఏపీఎస్-సీలో 24, 50 ఎంఎం జంటను కొనుక్కుంటే చీకటి మండపాలకు కూడా సరిపోతుంది. రోజంతా ఒక్క మనిషే ఊరేగింపులూ తంతులూ పరుగెత్తి తీయవలసి వస్తే, లెన్సులు మార్చే వ్యవధి ఉండదు కనుక 24-70 జూమ్ మేలు. వెలుతురులో కొంత వదులుకోవలసి ఉంటుంది. 70-200 బరువూ ఖరీదూ కలది. కొండలూ, తారాతారిణి మెట్లూ, గోపాలపూర్ రేవులో పడవల వెనుక లైట్‌హౌస్‌ను పెద్దదిగా నిలబెట్టే ఫొటోలూ మీ మనసులో ఉంటే తప్ప దానికి తొందరపడవద్దు. కావాలనుకుంటే ఒక పూటకు అద్దెకు తెచ్చుకుని, తెల్లవారుతూనే గోపాలపూర్ వెళ్లి, ఒకే పడవను అయిదు మీటర్ల నుంచి వైడ్‌తోనూ, యాభై మీటర్ల నుంచి టెలీతోనూ, పడవ ఫ్రేములో ఒకే పరిమాణంలో ఉండేలా తీసి చూడండి. ఆ రెండింటిలో ఏ ఫొటోను ఇంట్లో గోడకు పెట్టుకోవాలనిపిస్తుందో చూసుకుని, దానినిబట్టి డబ్బు ఖర్చు పెట్టండి.